లండను మహానగరపు రాయసకాడు – ఎడ్వర్డ్ జాన్‌స్టన్

పండుగ సంచిక అనగానే మన కవులూ, మన రాజులూ, మన సంస్కర్తలూ గుర్తుకు వస్తారు. వారి జీవితాలు మన సంచికల్లో చాలాసార్లు వచ్చాయి, ఇక ముందు కూడా వస్తాయి. ఈసారి మాత్రం ఒక పరాయి మనిషిని గురించి వ్రాస్తానని సంపాదకవర్గం వారిని అడిగి ఒప్పించాను. నిజానికి ఆయన మనం అనుకునేంత పరాయివాడు కాదు. లండనులోనూ దాని చుట్టుపక్కలా కాపురాలుండే తెలుగు కుటుంబాలవారికి ఇంట్లో తెలుగు అక్షరం కంటబడినా పడకపోయినా, ఆయన అక్షరాలు చదవకుండా రోజు గడవదు. ఈస్ట్ హామ్‌లో రైలెక్కినా, హౌన్స్లోలో దిగినా, స్టేషను పేరు చెప్పే నీలి పట్టీ మీది ఆ తెల్లని అక్షరాలు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే లేఖకుడి చేతి చలవ.

రాజుల కొలువుల్లో ఉత్తరాలూ, ఫర్మానాలూ వ్రాసే వారిని మన పెద్దలు రాయసకాండ్రు అనేవారు. రాయసం అన్నది కొందరికి ఇంటిపేరుగా ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ మహానగరానికి అలాటి రాయసకాడు ఎవరని అడిగితే నేను జాన్‌స్టన్ పేరే చెబుతాను.

ఈ వ్యాసానికి కారణం మా ఆదివారపు తెలుగు తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి. తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు అ అక్షరం వ్రాసి తెచ్చి చూపించాడు. చూడబోతే అచ్చులో వేసినట్టే ఉంది. కాని వాడు దాన్ని వ్రాయలేదు, బొమ్మ గీశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, చెయ్యి ఎటు తిరగాలో వాడికి తెలియదు. పుస్తకంలోని అక్షరం అంచులు చూసుకుంటూ, చెరుపుకుంటూ, దిద్దుకుంటూ తెచ్చాడు. మా అమ్మ నా వేలు పట్టుకుని బియ్యంలో దిద్దించిన అక్షరం నా చేతికి తెలుసు. వాడి అక్షరం వాడి కంటికి మాత్రమే తెలుసు. మెచ్చుకోవాలో సరిదిద్దాలో తోచక ఆ రోజు ఊరుకున్నాను. వ్రాయడానికీ గీయడానికీ మధ్య ఉన్న ఈ తేడాను పాశ్చాత్య ప్రపంచానికి మళ్లీ ఎరుకపరచడమే జాన్‌స్టన్ జీవితమంతా చేసిన పని.

ఆయన పుట్టింది ఇంగ్లండులో కాదు. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశంలో, శాన్ హోసే అనే చోట, 1872 ఫిబ్రవరి 11న. తల్లిదండ్రులు స్కాట్లండు మూలాలవారు. తండ్రి పేరు ఫౌవెల్ బక్స్టన్ జాన్‌స్టన్. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టే, ఆయనకు తన తల్లి తండ్రి పేరు పెట్టారు. ఆ తాత సర్ థామస్ ఫౌవెల్ బక్స్టన్. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు కావాలని పార్లమెంటులో విల్బర్ ఫోర్స్ తర్వాత పట్టుబట్టి పోరాడిన మనిషి ఆయనే. 1833లో ఆ చట్టం వచ్చింది. చెరుకు తోటల దొరలకు పనివాళ్లు కరువయ్యారు. 1834 నుంచి మారిషస్‌కు, తర్వాత 1860 నుంచి నటాల్‌కు, మన కోస్తా జిల్లాల నుంచి కూలి ఒప్పందాల మీద మనవాళ్లు ఓడలెక్కడం దాని వెనుక వచ్చిన కథే. కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో మనవాళ్లను కోరంగీలన్నారు. ఆ కుటుంబాల వారసులు కొందరు ఈ సంచిక చదువుతూ ఉండవచ్చు. ఒక మంచి పని వెంట ఇన్ని కష్టాలు నడిచి వస్తాయని బక్స్టన్ ఊహించి ఉండడు. ఇది మన కథకు అడ్డదారి, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఎడ్వర్డుకు మూడేళ్లప్పుడు కుటుంబం ఇంగ్లండు తిరిగి వచ్చింది. తల్లి చిరకాలపు రోగి. పెంపకమంతా మేనత్త చేతుల్లో సాగింది. బడికి పంపలేదు, చదువు ఇంట్లోనే. పిల్లల ఆరోగ్యం మీద ఆ ఇంట్లో ఉన్న భయం ఎంతటిదంటే, జీవితమంతా ఆయన తనను తాను బలహీనుడిగానే లెక్కవేసుకున్నాడు. గణితమంటే ఇష్టం, యంత్రాలు విప్పి చూడటమంటే ఇష్టం, రంగులతో బంగారంతో అక్షరాలను అలంకరించడమంటే మరీ ఇష్టం. ఈ మూడూ ఆయనలో చివరిదాకా కలిసే ఉన్నాయి. అక్షరాన్ని ఆయన భక్తుడిలాగా చూశాడు, లెక్కల మాస్టారిలాగా కొలిచాడు, మరమ్మతుదారులాగా విప్పి మళ్లీ బిగించాడు.

తల్లి 1891లో కన్నుమూసింది. ఆ తర్వాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదవబోయి, ఆరోగ్యం సరిపడక మధ్యలోనే మానేశాడు. పాతికేళ్లు దాటాయి, చేతిలో పట్టా లేదు, వృత్తి లేదు. ఆ స్థితిలో 1898లో ఒక వాస్తుశిల్పి మిత్రుడు ఆయనను విలియం లెథబీ దగ్గరకు తీసుకువెళ్లాడు. లెథబీ వాస్తుశిల్పి, కళాచరిత్ర పండితుడు, లండనులో అప్పుడే కొత్తగా వెలసిన సెంట్రల్ చేతిపనుల కళాశాలకు అధిపతి. కుర్రవాడు చూపించిన రంగుల అక్షరాలు చూసి పొగడలేదు, తెగడలేదు. బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లి పాత వ్రాతప్రతులు చూడమన్నాడు. అక్కడ ఏవి చూడాలో చూపించినవాడు సిడ్నీ కాకరెల్. ఈయన విలియం మారిస్ దగ్గర కార్యదర్శిగా పనిచేసి, పాత గ్రంథాల పరిచయం బాగా ఉన్నవాడు.

ఆ రోజుల్లోనే అదే మ్యూజియంలో, పెద్ద మెట్లదారి గోడల మీద, మన అమరావతి స్తూపపు సున్నపురాతి శిల్పాలు అమర్చి ఉన్నాయి. 1880 ప్రాంతంలో అక్కడికి చేరిన ఆ రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు చెక్కి ఉంటాయి. మన అ ఆ లకు ముత్తవ్వ ఆ లిపి. జాన్‌స్టన్ వాటిని ఆగి చూశాడని నేను అనడం లేదు. ఒక్క కప్పు కింద ఇంగ్లీషు అక్షరం తాతముత్తాతలూ, తెలుగు అక్షరం తాతముత్తాతలూ ఉన్నారని మాత్రం చెబుతున్నాను. జాన్‌స్టన్ చదివిన వ్రాతప్రతులు ఇప్పుడు సెయింట్ పాంక్రాస్ దగ్గర బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అమరావతి రాళ్లు మ్యూజియంలోనే ఉండిపోయాయి.

ఆ వ్రాతప్రతుల ముందు కూర్చున్నప్పుడు ఆయనకు కలిగిన సందేహం చిన్నది. వెయ్యేళ్లనాటి లేఖకుడి అక్షరంలో ఒక చోట గీత లావుగా, ఒక చోట వెంట్రుకంత సన్నగా ఉంది. ఇది ఎలా వచ్చింది? పందొమ్మిదో శతాబ్దపు అలంకార లేఖకులకు ఇది తెలియదు. వారు అక్షరం అంచులను సన్నని పాళీతో గీసి, నడుమ రంగు పూసేవారు. మా తరగతిలో పిల్లవాడు చేసినట్టే. ఆ పద్ధతిలో అక్షరం తయారవుతుంది గాని ఊపిరి ఉండదు. జాన్‌స్టన్ చూసి ఊరుకోలేదు. పాత ప్రతి పక్కన పెట్టుకుని, ఈక కలాన్ని చెక్కి, వ్రాసి చూశాడు. మొన వాడిగా కాకుండా, ఉలి అంచులాగా వెడల్పుగా పాళీ చెక్కాలి. ఆ అంచును ఒకే వాలులో పట్టుకోవాలి. చెయ్యి కిందికి వస్తే గీత లావుగా పడుతుంది, అంచు వెంబడి పక్కకు జారితే సన్నగా పడుతుంది. నొక్కడం లేదు, పూయడం లేదు, దిద్దడం లేదు. లావూ సన్నం రెండూ పాళీలోనే ఉన్నాయి. లేఖకుడు చేయవలసిందల్లా దాన్ని సరైన దారిన నడిపించడం.

చెప్పగా వినడానికి ఇది ఏమంత గొప్పగా ఉండదు. కాని అచ్చుయంత్రం వచ్చి నాలుగు వందల ఏళ్లు గడిచేసరికి యూరప్‌లో ఈ ఇంగితం అడుగంటిపోయింది. కళ్ల ముందు వేలకొద్దీ గ్రంథాలు ఉన్నాయి, వాటిని వ్రాసిన చేతి ఒడుపు మాత్రం లేదు. దాన్ని పుస్తకాల నుంచి కాక చేతి నుంచే తిరిగి తెచ్చుకోవడంలో జాన్‌స్టన్ గొప్పతనం ఉంది.

మనవారికి ఈ మాట సులువుగానే అర్థం కావాలి. తాటాకు మీద గంటంతో వ్రాసేవారు. ఆకు ఈనెల వెంబడి అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది. అందుకే మన అక్షరాలు గుండ్రాలు తిరిగాయని పెద్దలు చెబుతారు. గంటానికి లావూ సన్నం లేవు, సిరా కూడా లేదు. గీరిన తర్వాత మసి రుద్దితే గాని అక్షరం కంటికి ఆనదు. పనిముట్టు ఏదో అక్షరం అది. జాన్‌స్టన్ గంటం పట్టలేదు గాని, రోము రాళ్ల మీది పెద్ద అక్షరాల నుంచి నేటి అచ్చు అక్షరాల వరకు నడిచిన చరిత్రనంతా ఆయన ఈ దృష్టితోనే చూశాడు. ఉలి చెక్కినప్పుడు ఒక రూపం, రెల్లు కలం వ్రాసినప్పుడు మరో రూపం, కలం వాలు మారినప్పుడు ఇంకో రూపం, చెయ్యి తొందరపడినప్పుడు వేరొక రూపం. రాజులూ యుద్ధాలూ ఆ చరిత్రలో వెనక్కి వెళతాయి, చేతులు ముందుకు వస్తాయి. కళాచరిత్ర పుస్తకాలు చాలా వచ్చాయి గాని, పనివాడి వైపు కూర్చుని చరిత్ర చెప్పినవి తక్కువ.

ఆయనకు అన్నిటికంటే నచ్చిన ప్రతి హార్లీ 2904 అనే సంఖ్యతో ఉన్న లాటిన్ కీర్తనల గ్రంథం. పదో శతాబ్దం చివర ఇంగ్లండులోనే వ్రాసినది. అందులోని నిండైన, స్పష్టమైన చేతిని ఆధారం చేసుకుని ఆయన విద్యార్థులకు ఒక వ్రాతను దిద్దించాడు. ఇంగ్లీషు అక్షరలేఖనం నేర్చుకునేవారు నేటికీ ఓనమాలుగా దిద్దేది దాన్నే.

1899 సెప్టెంబరులో లెథబీ ఆయన చేత కళాశాలలో అక్షరలేఖనం తరగతి పెట్టించాడు. చెప్పేవాడికే విద్య అంతంతమాత్రంగా ఉన్న రోజులు. నేర్చుకుంటూ నేర్పాడు. సుద్దముక్కను పక్కకు పడుకోబెట్టి, దాని వెడల్పంతా ఆనించి, నల్లబల్ల మీద అక్షరాలు వ్రాసేవాడు. 1901 నుంచి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో కూడా చెప్పాడు. ఆయన శిష్యుల్లో తనకంటే ముప్పై ఒక్క ఏళ్లు పెద్దవాడైన కాబ్డెన్ శాండర్సన్ ఉన్నాడు. పుస్తకాల జిల్దు కట్టడంలో దేశమంతా పేరున్న ఆ పెద్దమనిషి కుర్ర మాస్టారి ముందు బల్ల మీద కూర్చుని దిద్దాడు. ప్రష్యాలో ఆడవారికి కళాశాలల తలుపులు తెరవని కాలంలో లండను వచ్చి చదువుకున్న అన్నా సైమన్స్ ఉంది. జాన్‌స్టన్ విద్యను జర్మనీకి మోసుకుపోయింది ఆవిడే. ఎరిక్ గిల్ అనే యువకుడు ఉన్నాడు. 1902లో గురుశిష్యులిద్దరూ లింకన్స్ ఇన్‌లో ఒకే గదుల్లో కాపురమున్నారు. గురువు కలంతో నేర్పినదాన్ని గిల్ ఉలితో రాతి మీదికి తీసుకుపోయి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ గిల్ ఇంటి గోడల మధ్య చేసిన ఘోరాలు 1989లో వెలువడిన అతని జీవితచరిత్రతో లోకానికి తెలిశాయి. దానికీ జాన్‌స్టన్‌కూ సంబంధం లేదు గాని, పేరు ఎత్తినప్పుడు చెప్పకపోవడం న్యాయం కాదు.

1906లో జాన్‌స్టన్ పుస్తకం వెలువడింది. లేఖనం, వర్ణాలంకారం, అక్షరశిల్పం అన్నవి దాని విషయాలు. ఈకను ఎలా ఆరబెట్టాలి, ఎలా చెక్కాలి, చైనా సిరాకడ్డీని ఎలా అరగదీయాలి, దూడతోలు పత్రాన్ని ఎలా సిద్ధం చేయాలి, బంగారు రేకును ఎలా అంటించాలి, అన్నీ అందులో ఉంటాయి. మా ఊళ్లో అవధానిగారు పంచాంగం చెప్పినట్టు, ఏదీ వదలకుండా, తొందరపడకుండా చెప్పుకుపోతాడు. అన్నా సైమన్స్ దాన్ని 1910లో జర్మన్‌లోకి తెచ్చింది. నూరేళ్లు దాటినా దాన్ని పక్కన పెట్టుకుని వ్రాసేవారు ఉన్నారు.

రంగుల సంగతి ఆయన చెప్పిన తీరు నాకు ప్రత్యేకంగా నచ్చింది. కొత్తగా రంగులు చేతికి వచ్చినవాడికి పెట్టెలో ఉన్నవన్నీ వాడాలనిపిస్తుంది. జాన్‌స్టన్ దానికి కళ్లెం వేస్తాడు. పాత లేఖకులకు నల్లని వ్రాతలో ఎర్రని అక్షరం ఒకటి పడితే చాలు, పుట కళ తిరిగేది. ఎరుపు తర్వాత నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ, అవసరమైతే బంగారం. అంతకుమించి పోతే రంగు అక్షరాన్ని మింగేస్తుంది. ఎరుపుకు ఇంగిలీకం వాడతారు. అది బరువైన రంగు, కలంలో అడుక్కు దిగిపోతుంది, మాటిమాటికీ కలుపుకోవాలి. మధ్యయుగపు గ్రంథాల్లో పేరాల మొదటి అక్షరాలు ఒకటి ఎరుపు, ఒకటి నీలం, మళ్లీ ఎరుపు, మళ్లీ నీలంగా పుటంతా సాగుతాయి. అందం కోసమే కాదు, చదివే కన్ను దారి తప్పకుండా ఉండటానికి కూడా. ఆయన దృష్టిలో రంగుకు ఒక పని ఉండాలి. శుభలేఖ నాలుగు మూలలా పసుపు పెట్టే మనకు, కొత్త ఖాతాపుస్తకం మీద కుంకుమతో శ్రీకారం చుట్టే మనకు, ఇది కొత్త సంగతి కాదు.

ఇంగ్లీషువారి శ్రీకారం ఎలా ఉంటుందో చూడాలంటే జాన్‌స్టన్ వేసిన ఒక్క అక్షరం చూస్తే చాలు. కాబ్డెన్ శాండర్సన్ భాగస్వామిగా నడిపిన డవ్స్ ముద్రణాలయం 1903 – 1905 మధ్య అయిదు సంపుటాల్లో బైబిలు అచ్చు వేసింది. సృష్టి కథ మొదలయ్యే పుటలో మొదటి అక్షరం ఇంగ్లీషు ఐ. జాన్‌స్టన్ దాన్ని ఎర్రగా, పుట పైనుంచి కింది దాకా ఒక్క నిలువుగీతగా దింపాడు. లతలు లేవు, పక్షులు లేవు, బంగారం లేదు. పక్కన నల్లని అక్షరాలు బుద్ధిగా నిలబడి ఉంటాయి. ఆ పుట చూసిన తర్వాత మరే అలంకారమూ నాకు అవసరమనిపించలేదు. ఆ ముద్రణాలయం కథకు ఒక విచిత్రమైన ముగింపు ఉంది. భాగస్వామితో తగవు వచ్చి, అతని చేతికి అచ్చు అక్షరాలు చిక్కకూడదన్న పంతంతో, ముసలి శాండర్సన్ 1916 ఆగస్టు నుంచి 1917 జనవరి దాకా రాత్రిళ్లు మూటలు మోసుకుపోయి హామర్‌స్మిత్ వంతెన మీద నుంచి థేమ్స్ నదిలో పారబోశాడు. 2014లో గజ ఈతగాళ్లు నూట యాభై దాకా పైకి తెచ్చారు.

ఇక జాన్‌స్టన్ ఇంటి సంగతులు. 1903లో స్కాట్లండుకు చెందిన ఉపాధ్యాయిని గ్రేటా గ్రీగ్‌ను పెళ్లాడాడు. ముగ్గురు కూతుళ్లు. వారిలో ప్రిసిల్లా 1959లో తండ్రి జీవితచరిత్ర వ్రాసింది. ప్రేమతో వ్రాసినా దాచిపెట్టి వ్రాయలేదు. ఆ పుస్తకంలో కనిపించే తండ్రి మహా నెమ్మదస్తుడు. ఒప్పుకున్న పని గడువు దాటిపోవడం ఆయనకు నిత్యకృత్యం. ఉత్తరాలకు జవాబులు నెలల తరబడి వెళ్లేవి కావు. వంకరగా ఉన్న బల్లకాలు సరిచేయడానికి కూర్చుంటే, అది తిరుగులేకుండా నిలబడేదాకా లేచేవాడు కాదు, వ్రాయవలసిన ప్రశంసాపత్రం ఒక పక్కన ఎదురుచూస్తూ ఉండేది. డబ్బు ఎప్పుడూ చాలేది కాదు. ఆ సంసారాన్ని ఒడ్డుకు చేర్చిన ఓర్పు గ్రేటాది. ఈ బాపతు మనిషితో కాపురం చేసిన ఇల్లాలికి కూడా ఒక వ్యాసం వ్రాయవలసిందే. 1912లో కుటుంబం హామర్‌స్మిత్ వదిలి ససెక్స్‌లోని డిచ్‌లింగ్ అనే పల్లెకు తరలిపోయింది.

ఆ మరుసటి ఏడు ఫ్రాంక్ పిక్ అనే అధికారి జాన్‌స్టన్‌ను కలుసుకున్నాడు. లండను భూగర్భ రైళ్ల కంపెనీలో ఆయన వాణిజ్య వ్యవహారాలు చూసేవాడు. చదివింది న్యాయవాదం, మనసు మాత్రం బొమ్మల మీద, అక్షరాల మీద. స్టేషన్లలో గోడల నిండా సబ్బుల ప్రకటనలూ, కోకో ప్రకటనలూ. వాటి నడుమ ఊరి పేరు వెతుక్కోవలసి వచ్చేది. ప్రకటనల అక్షరాలతో కలిసిపోని అక్షరం ఆయనకు కావాలి. దూరం నుంచి, కదిలే రైలులో నుంచి తెలియాలి. ఏ పాతకాలానికో నకలుగా కాక ఆ కాలానికే చెందినదిగా ఉండాలి. మొదట్లో గిల్ కూడా ఆ పనిలో కొంత చెయ్యి వేసి, తర్వాత తప్పుకున్నాడు. 1916లో జాన్‌స్టన్ అక్షరమాల ఇచ్చాడు.

ఆ అక్షరమాల చూసి ఆయన్ను ఎరిగినవారు ఆశ్చర్యపోయి ఉండాలి. జీవితమంతా లావూ సన్నం గీతల గురించి చెప్పినవాడు, అంతటా ఒకే లావు ఉన్న అక్షరాలు చేశాడు. కొసల్లో చిన్న పాదాలు లేవు. కలం వాసనే లేదు. ఆయన మొదటి శిష్యుల్లో ఒకడు, బంగారు లేఖనంలో ఘనుడైన గ్రైలీ హ్యూయిట్, గురువు దారి తప్పాడని నొచ్చుకున్నాడు. అంత చేసిన మనిషి ఈ మొద్దు అక్షరాలను లోకం మీదికి వదిలి, చేసినదాన్ని తానే చెరుపుకున్నాడని ఒక ఉత్తరంలో వాపోయాడు. శిష్యుడి బాధలో నిజం లేకపోలేదు. ఆ తర్వాత ఊరూరా వచ్చిన మొండి అక్షరాల బోర్డులు ఎన్నో చూస్తే ఆ బాధ మనకూ కలుగుతుంది.

అయినా నా మటుకు నాకు శిష్యుడు గురువు పాఠం సగమే విన్నాడనిపిస్తుంది. ఇనుప రేకు మీద ఎనామిల్ కాల్చి చేసే బోర్డుకు ఈక కలం పనిముట్టు కాదు. అక్కడ కలాన్ని నటించడం బొమ్మ గీయడమే అవుతుంది. జాన్‌స్టన్ కలాన్ని వదిలాడు గాని కొలతను వదలలేదు. రోములో ట్రాజన్ చక్రవర్తి స్తంభం మీద చెక్కిన పెద్ద అక్షరాల నిష్పత్తులే ఇక్కడా ఉన్నాయి. ఓ నిండు వలయం. గీత మందం అక్షరం ఎత్తులో ఏడో వంతు. చిన్న ఎల్‌ను పెద్ద ఐ అనుకోకుండా దాని అడుగున చిన్న తోక తిప్పాడు. ఇక చిన్న ఐ మీది చుక్క గుండ్రంగా ఉండదు, మూల మీద నిలబెట్టిన చదరంగా ఉంటుంది. వెడల్పు పాళీని వాలుగా పట్టి కాగితం మీద ఒక్కసారి ఆనించి కొద్దిగా లాగితే పడే గుర్తు అది. పాతికేళ్లుగా లండనులో ఉంటూ కూడా ఆ చుక్కను నేను చూడలేదు, మా పిల్లలు చూపిస్తే చూశాను. కలాన్ని పూర్తిగా వదిలిన చోట కూడా దాని అడుగుజాడ ఒకటి ఉంచుకున్నాడు కాబోలు.

స్టేషన్లలో అంతకుముందు 1908 నుంచి పేరు వెనుక ఎర్రని నిండు బిళ్ల ఉండేది. దాన్ని వలయంగా మార్చి, నడుమ పట్టీతో కొలతలు కుదిర్చినవాడు కూడా జాన్‌స్టనే. మనం ఊరి గుర్తుగా బంధువులకు పంపే ఫోటోల్లో కనిపించే ఎర్ర వలయం అదే.

గిల్ తర్వాత తన పేరుతో ఒక అక్షరమాల చేశాడు. 1928లో మోనోటైప్ కంపెనీ దాన్ని విడుదల చేస్తే దేశమంతా పాకింది. గురువు అక్షరాల నీడ అందులో ఉందని గిల్ దాచలేదు. కాని రైలు కంపెనీ అక్షరం కంపెనీకే పరిమితం కాబట్టి, శిష్యుడి పేరు అచ్చాఫీసుల నిండా వినిపించింది, గురువు పేరు డిచ్‌లింగ్ దాటలేదు.

1921లో శిష్యులు కలిసి లేఖకుల సంఘం ఒకటి పెట్టుకున్నారు, అది నేటికీ నడుస్తోంది. 1936లో గ్రేటా పోయింది. ఆ తర్వాత ఆయన మరీ ఒంటరి. 1939లో ప్రభుత్వం సి.బి.ఇ. బిరుదు ఇచ్చింది. లేఖనం మీద తన తుది మాటగా రెండో పుస్తకం ఒకటి వ్రాయాలని ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. ఒక్కొక్క వాక్యం మీద ఎంత నిలిచేవాడో ఊహించుకోవచ్చు. పూర్తి కాలేదు. 1944 నవంబరు 26న, యుద్ధం ముగియకముందే, డిచ్‌లింగ్‌లో కన్నుమూశాడు. ఆ వ్రాతకాగితాలను ఏరి కూర్చి 1971లో హెదర్ చైల్డ్ అచ్చు వేయించింది.

రైళ్ల అక్షరం మాత్రం ఆగలేదు. కొత్త అచ్చు పద్ధతులకు సరిపడేటట్టు 1979లో దాన్ని సవరించినవాడు ఎయిచి కోనో అనే జపాను దేశస్థుడు. పరాయి లిపిలో ఓనమాలు దిద్దిన చేతికి ఈ పని అప్పగించడం, అతను దాన్ని అంత పొందికగా చేయడం నాకు ఎంతో బాగా అనిపించిన సంగతి. నూరేళ్లు నిండిన సందర్భంగా 2016లో మరోసారి సవరించి, కాలక్రమాన జారిపోయిన కొన్ని పాత వంపులు తిరిగి చేర్చారు.

ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. తర్వాతి ఆదివారం ఐస్‌ఫ్రూట్ పుల్ల ఒకటి కొసన ఏటవాలుగా చెక్కి, సిరాలో ముంచి వాడి చేతికి ఇచ్చాను. అ వ్రాశాడు. వంకరగా వచ్చింది, సిరా కారింది, పొట్ట దగ్గర లావు, తోక దగ్గర సన్నం పడింది. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసుకుని ఇంకో కాగితం అడిగాడు. మన తెలుగు అక్షరానికి ఆ పాళీ ఏ వాలులో పట్టాలో నాకూ ఇంకా అంతు చిక్కలేదు. గుండ్రాలు బాగానే తిరుగుతున్నాయి, ఒత్తుల దగ్గర సిరా ముద్దకడుతోంది. అందుకని ఈసారి పండుగలో పిల్లల పందిరి దగ్గర ఒక బల్ల వేస్తున్నాం. మధ్యాహ్నం భోజనాల తర్వాత పుల్లలూ, సిరా, కాగితాలూ అక్కడ ఉంటాయి. పెద్దలు కూడా రావచ్చు. బట్టల మీద సిరా పడుతుంది, పట్టుచీరలవారు కొంచెం చూసుకోవాలి.